నారింజ పేరు ప్రయాణం - ఒక విమర్శ

ఉన్నత పాఠశాలలలో ఇంగ్లీషు పాఠం చెప్పేవారి నోటా, తెలుగు పాఠం చెప్పేవారి నోటా ఒక కథ తరచుగా వినిపిస్తూ ఉంటుంది. ఇంగ్లీషువారి 'ఆరెంజి' అనే మాట మన 'నారింజ' నుండి పుట్టినదట. పూర్వం వారు 'ఎ నారెంజి' అని సరిగానే అనేవారట. వినేవారు 'న'కారాన్ని ముందున్న 'ఎ'తో జతచేసి 'ఏన్ ఆరెంజి' అని విడగొట్టుకొన్నారట. ఆ విధంగా మన 'న'కారం ఇంగ్లండులో జారిపోయినదట.

కథ చెప్పడానికి సులభం, వినడానికి ఇంపు. పిల్లలు ఒకసారి విన్నారంటే మరచిపోరు. అయితే ఇందులో ఒక పాలు నిజం, ఒక పాలు పొరపాటు, ఒక పాలు తొందరపాటు కలిసి ఉన్నవి. వాటిని వేరుచేసి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక పండు పేరు గూర్చి ఇంత విచారణ అవసరమా అని ఎవరైనా అడగవచ్చును. గాజుగ్లాసులోని ద్రవం ఆమ్లమో క్షారమో లిట్మస్ కాగితంతో చూడకుండా చెప్పిన విద్యార్థికి మనం మార్కులు ఇవ్వము. మాటల విషయంలో మాత్రం రెండు పదాలు చెవికి ఒకే తీరుగా వినిపిస్తే చాలు, ఒకటి తల్లి అనీ మరొకటి బిడ్డ అనీ నిశ్చయించుకొంటాము. భాషాశాస్త్రం కూడ శాస్త్రమే. దానికీ పరీక్షలు ఉన్నవి. వాటిలో ముఖ్యమైనవి మూడు. ఆ మాట ఏ కాలంలో ఎక్కడ కనబడుచున్నది? ఒక చోటి నుండి మరొక చోటికి ఏ దారిన, ఎవరి వెంట వెళ్ళినది? దారిలో మారిన ధ్వనులు ఆయా భాషల అలవాటు ప్రకారమే మారినవా? కాలం, దారి, ధ్వని అనే ఈ మూడు పరీక్షలకు నిలిచిన కథనే మనం తరగతిలో చెప్పవలెను.

పండు ఒకటి కాదు, రెండు

పేరు సంగతికి ముందు పండు సంగతి తెలిసికోవలెను. మనం నారింజ అని ఒకే మాటతో పిలిచే వానిలో రెండు వేరు జాతులు ఉన్నవి. ఒకటి పుల్లగా, కొంచెం చేదుగా ఉండేది. రెండవది తీపిది. ఈ రెండూ అడవిలో స్వయంగా పుట్టిన మూలజాతులు కావు. పుల్లనారింజ పంపరపనసకూ కమలా జాతికీ కలిగిన నేరు సంకరం. తీపినారింజలో కూడ ఆ రెండు జాతుల అంశలే ఉన్నవి గాని, దాని సంకర చరిత్ర మరింత చిక్కైనది. ఈ సంగతి చెట్ల జన్యుపదార్థాన్ని చదివి తేల్చినారు. 2018లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన నిమ్మ కుటుంబపు ఆదిమస్థానం హిమాలయాల ఆగ్నేయపు దిగువ ప్రాంతమని చూపినది. అనగా తూర్పు అస్సాం, ఉత్తర బర్మా, చైనాలోని పశ్చిమ యున్నాన్ కలిసే భాగం. అక్కడి నుండి ఈ జాతులు సుమారు 80 లక్షల సంవత్సరాల క్రిందట వ్యాపించడం ఆరంభించినవి.

మన విచారణకు ముఖ్యమైన విషయం వేరొకటి ఉన్నది. పుల్లనారింజ, తీపినారింజ ఒకే కాలంలో పడమరకు వెళ్ళలేదు. పుల్లది ముందు వెళ్ళినది, తీపిది కొన్ని శతాబ్దాల తరువాత వెళ్ళినది. అందుచేత పేర్లు కూడ రెండు అలలుగా వెళ్ళినవి. వాడుకలో ఉన్న కథ ఈ రెండు అలలనూ ఒకటిగా కలిపివేయుచున్నది. అదే దాని మొదటి లోపం.

మొదటి ప్రయాణం

సంస్కృతంలో ఈ పండుకు నారంగము, నాగరంగము అనే పేర్లు కలవు. చరకసంహిత నాగరంగ ఫలం గుణాలను చెప్పుచున్నది. అమరకోశంలో ఐరావతం అనే పేరు ప్రక్కన నాగరంగం ఉన్నది. పారశీకులు దీనిని 'నారంగ్' అన్నారు. పారశీకం నుండి అరబ్బీకి వచ్చేసరికి అది 'నారంజ్' అయినది.

ఇక్కడ 'గ' పోయి 'జ' ఎందుకు వచ్చినది? అరబ్బీ లిపిలో మన 'గ'కారానికి అక్షరం లేదు. పారశీకపు 'గ' ఉన్న మాటలను అరబ్బులు పలుమార్లు 'జ'తో వ్రాసికొన్నారు. రత్నం అనే అర్థం గల పారశీకపు 'గౌహర్' అరబ్బీలో 'జౌహర్' అయినది. మన దేశంలో వినబడే గౌహర్, జవహర్ అనే పేర్లు రెండూ ఆ ఒక్క మాట రూపాలే. గౌహర్ జవహర్ అయినట్లే నారంగ్ నారంజ్ అయినది. ఒక మార్పు ఒక మాటకే పరిమితం కాక, మరి కొన్ని మాటలలో కూడ అదే తీరుగా కనబడినప్పుడు ధ్వని పరీక్ష నెగ్గినదని చెప్పవచ్చును.

దారికి కూడ సాక్ష్యం ఉన్నది. 10వ శతాబ్దపు అరబ్బు చరిత్రకారుడు అల్ మసూదీ ఈ పండును గూర్చి వ్రాసినాడు. హిజరీ 300, అనగా క్రీ.శ. 912 తరువాత నారంజ చెట్టును హిందూదేశం నుండి తెచ్చి మొదట ఒమాన్‌లో నాటినారనీ, అక్కడి నుండి అది బస్రాకు, ఇరాకుకు, సిరియాకు వ్యాపించినదనీ అతడు చెప్పినాడు. సొంత నేలను, నీటిని, గాలిని విడిచినందువలన పండు తన పూర్వపు పరిమళాన్ని కోల్పోయినదని కూడ వ్రాసినాడు. పండు, పేరు కలిసి ప్రయాణం చేసినట్లు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం దొరకడం అరుదు.

అరబ్బుల వెంట ఈ చెట్టు స్పెయిను, సిసిలీ తోటలకు చేరినది. స్పెయిను భాషలో 'నారంజ్' కొద్ది మార్పుతో 'నరంహ' అయి నిలిచినది. గ్రీకులో 'నెరాంజి' అయినది. హంగరీ దేశస్థులు నేటికీ 'నరంచ్' అంటారు. వీటన్నిటిలోను మొదటి 'న' చెక్కుచెదరలేదు. పోర్చుగీసువారు మాత్రం 'లరాంజ' అన్నారు. ఒకే మాటలో రెండు 'న'కార ధ్వనులు దగ్గరగా ఉన్నప్పుడు నాలుక ఒకదానిని 'ల'గా మార్చుకొనడం కలదు. న-లల మార్పు మనకు కొత్త కాదు. హిందీవారి 'నింబూ' మరాఠీవారి నోట 'లింబూ' అయినది. మన నిమ్మకు దగ్గరి మాటయే పారశీకంలో 'లీమూ', ఇంగ్లీషులో 'లెమన్'.

'న'కారం పోయిన చోటు

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాము. ఇటలీ భాషలో ఈ పండు 'అరాంచ', దక్షిణ ఫ్రాన్సు భాషలో 'అవురాంజ', పాత ఫ్రెంచిలో 'ఒరెంజ్'. 'న'కారం ఇక్కడే, ఇంగ్లండుకు చేరకముందే పోయినది. ఇంగ్లీషు వ్రాతలలో ఈ మాట 14వ శతాబ్దంలో కనబడుచున్నది. అది ఫ్రెంచి నుండి వచ్చినది. వచ్చినప్పుడే 'న' లేకుండా వచ్చినది. కావున 'ఎ నారెంజి' అని ఇంగ్లీషువారు అనేవారనీ, వారే 'న'ను జారవిడిచినారనీ చెప్పే భాగం కాలపరీక్షకు నిలువదు. జారిపోయిన వస్తువును జారిపోని చోట వెదకుట వంటిది అది.

ఆ కథకు ఆధారమైన సూత్రం మాత్రం అబద్ధం కాదు. ఇంగ్లీషులో పాముకు పూర్వం 'నాడర్' అనే పేరు ఉండెడిది. 'ఎ నాడర్' అనేది 'ఏన్ ఆడర్' అయి, నేడు 'ఆడర్' మిగిలినది. వంటవారు నడుముకు కట్టుకొనే 'ఏప్రన్' పూర్వం 'నేప్రన్'. ఈ రెండింటిలో 'న' నిజంగానే ఇంగ్లీషులో పోయినది. ఈ సూత్రాన్ని బోధించదలచిన ఉపాధ్యాయులు ఈ మాటలను ఉదాహరణగా తీసికొనడం మేలు.

మరి ఇటలీ, ఫ్రాన్సు దేశాలలో 'న' ఎందుకు పోయినది? అక్కడి భాషలలో కూడ 'ఒక' అనే అర్థంలో 'ఉనా', 'ఉన్' వంటి మాటలు ముందు వచ్చును. వాటి చివరి 'న'తో పండు పేరులోని మొదటి 'న' కలిసిపోవడానికి అవకాశం ఉన్నది. కాని ఒక్క మాట ఆలోచించవలెను. స్పెయిను భాషలో కూడ 'ఉనా నరంహ' అనే అంటారు. అక్కడ అదే అవకాశం ఉన్నా 'న' పోలేదు. కాబట్టి అవకాశమే కారణం అని సరిపెట్టుకొనరాదు. దానికి తోడు మరొకటి కావలెను.

ఆ తోడు బంగారం. లాటిన్‌లో బంగారాన్ని 'ఔరుమ్' అంటారు. ఫ్రెంచిలో అది 'ఒర్' అయినది. మిసిమి మెరిసే పసుపుపచ్చని పండును చూచి, పేరు కొంచెం ఆ మాటవలె వినిపించగా, జనులు దానిని బంగారుపండు అనుకొన్నారు. మధ్యయుగపు లాటిన్‌లో ఈ పండుకు 'ఔరాంటియుమ్' అనే రూపం ఏర్పడినది. 'అరంజ్' ఫ్రెంచిలో 'ఒరెంజ్' కావడంలో కూడ ఈ బంగారపు స్పర్శ కలదు. తెలియని మాటను తెలిసిన మాట ఆకారంలోకి తెచ్చుకొనడం అన్ని జాతులవారికీ సహజమే.

మన ఇంటిలోనే దీనికి ఉదాహరణ ఉన్నది. డచ్చివారి 'పొంపెల్మూస్', తమిళుల 'పంబళిమాసు', మన 'పంపరపనస' ఒకే మాటకు రూపాలు. పనస చెట్టుకూ ఈ చెట్టుకూ ఏ బంధుత్వమూ లేదు. పండు పెద్దది, లోపల తొనలు ఉన్నవి, పేరు చివర ఏదో తెలియని ధ్వని ఉన్నది. తెలుగువాని చెవి అక్కడ 'పనస'ను విన్నది. ఫ్రెంచివాడు నారింజలో బంగారాన్ని విన్నట్లే మనం పొంపెల్మూస్‌లో పనసను విన్నాము.

తెలుగు తల్లి అనవచ్చునా?

కథలో రెండవ భాగం ఇంకా మిగిలి ఉన్నది. 'ఆరెంజి'కి మూలం మన తెలుగు నారింజయే అని చెప్పుకొనడం మనకు ఇష్టం. ఈ ఇష్టంలో తప్పు లేదు. కాని ఇష్టం ప్రమాణం కాదు.

నారంగ శబ్దానికి సంస్కృతంలో తృప్తికరమైన ధాతువు లేదు. అది ద్రావిడ భాషల నుండి సంస్కృతంలోకి వెళ్ళి ఉండునని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇందుకు మలయాళం మంచి ఆధారం ఇచ్చుచున్నది. ఆ భాషలో మామిడికాయను 'మాఙ్ఙ' అంటారు. అది 'మా' అనే మామిడి పేరుకు 'కాయ్' చేరి అరిగిన రూపం. ఇంగ్లీషువారి 'మాంగో' కూడ దీని సంబంధమే. అదే తీరున మలయాళంలో నిమ్మ, నారింజ జాతి కాయలకు 'నారఙ్ఙ' అని పేరు. తమిళంలో 'నార్త్తంకాయ్' ఉన్నది. తెలుగులో 'నారదబ్బ' ఉన్నది. కావున 'నార' అనే ఒక ద్రావిడ వృక్షనామానికి 'కాయ' చేరి, 'నారంగ' ఏర్పడినదనే ఊహ బలమైనది. అది నిజమైనచో ఇంగ్లీషు 'ఆరెంజి' చివర మిగిలిన ముక్క మన 'కాయ'యే.

ఇంతవరకు సంతోషించదగిన సంగతియే. కాని ఇక్కడ 'ద్రావిడ మూలం' అనే మాటకు బదులు 'తెలుగు నారింజ' అని పెట్టడం తొందరపాటు. మన 'నారింజ'లో 'జ' ఉన్నది. నారంగంలో లేదు, నారఙ్ఙలో లేదు. అరబ్బీ నారంజ్‌లో ఉన్నది. అంటే ఈ 'జ'తో కూడిన రూపం పారశీక, అరబ్బీ భాషల సంపర్కంతో తిరిగి మన ఇంటికి వచ్చినదై ఉండవచ్చును. ఇల్లు విడిచి వెళ్ళినవాడు వేషం మార్చుకొని వచ్చినప్పుడు అతని వేషాన్ని చూపి, ఇదే మన కులాచారం అని చెప్పరాదు గదా! ఆ ఒక్క అక్షరానికి సమాధానం చెప్పకుండా తెలుగు నారింజయే జగత్తుకు తల్లి అనడం ధ్వని పరీక్షను ఎగవేయడమే.

'నాగరంగ' శబ్దాన్ని గూర్చి కూడ ఇటువంటి కథలే ఉన్నవి. నాగ అనగా ఏనుగు గనుక ఏనుగు ఈ పండ్లు అతిగా తిని మరణించినదని ఒక కథ పుట్టినది. కాని నాగ శబ్దానికి పాము, ఏనుగు, సీసం అనే మూడు అర్థాలు ఉన్నవి. సీసం నుండి తయారయ్యే సిందూరం నారింజ రంగులోనే ఉండును. కాబట్టి కథ అల్లదలచినవారికి మూడు దారులు తెరచి ఉన్నవి. ఒకే మాటకు మూడు కథలు సమానంగా అతికినప్పుడు మూడింటిలో దేనికీ విలువ లేదని గ్రహించవలెను.

రెండవ ప్రయాణం

తీపినారింజ సంగతి వేరు. 15, 16 శతాబ్దాలలో అది యూరపులో ప్రసిద్ధి పొందినది. 1498లో వాస్కో డ గామా కళ్ళికోట చేరిన తరువాత తూర్పు సముద్రాలలో తిరిగిన పోర్చుగీసు నావికులు దాని మేలి రకాలను పడమరకు చేర్చినారు. అందువలన ఎన్నో దేశాలలో పోర్చుగల్ దేశపు పేరే పండు పేరు అయినది. గ్రీకులకు అది 'పోర్తొకాలి', తురుష్కులకు 'పోర్తకాల్', అరబ్బులకు 'బుర్తుకాల్', పారశీకులకు 'పోర్తెకాల్'.

ఇక్కడ ఒక వింత గమనింపదగినది. నారంజ్ అనే పేరును యూరపుకు అందించినది అరబ్బులు. వారే తీపిపండుకు యూరపు దేశపు పేరును తీసికొన్నారు. అయితే పాతపేరును పారవేయలేదు. అరబ్బీలోను, పారశీకంలోను, గ్రీకులోను నేటికీ పుల్లనారింజకు పాతపేరు, తీపినారింజకు కొత్తపేరు నిలిచి ఉన్నవి. రెండు పండ్లు రెండు కాలాలలో వెళ్ళినవనే వృక్షచరిత్రకు ఈ పేర్లు సాక్ష్యం పలుకుచున్నవి.

ఉత్తర యూరపువారు మరొక విధంగా పిలిచినారు. డచ్చివారు 'సినాసాపెల్' అన్నారు. చైనా ఆపిలు అని దాని అర్థం. జర్మనుల 'ఆప్ఫెల్‌జీనె', రష్యనుల 'అపెల్సిన్' కూడ అదే అర్థం గలవి. అట్లాంటిక్ సముద్రానికి అవతల పోర్టోరికో దీవిలో తీపినారింజను 'చీనా' అని మాత్రమే అంటారు. అనంతపురం, కడప జిల్లాల రైతుకు ఈ మాట చెబితే నవ్వుతాడు. అతడు తన తోటలోని సాత్గుడి చెట్టు పండును 'చీనీ' అనే పిలుచుచున్నాడు!

అదే పండును కోస్తా జిల్లాలలో 'బత్తాయి' అంటారు. డచ్చివారు జావాలో కట్టుకొన్న బటేవియా నగరం, అనగా నేటి జకార్తా పేరే ఇందులో ఉన్నదని చెప్పుదురు. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో డచ్చివారి వర్తకస్థానం ఉన్నందున దారి పరీక్షకు ఇది సరిపోవుచున్నది. పండ్ల బజారులో వినిపించే 'మోసంబి'లో ఆఫ్రికాలోని మొజాంబిక్ ఉన్నది.

ఇప్పుడు ఈ పేర్లను వరుసగా పెట్టి చూడండి. పేరును నమ్మినచో తీపినారింజ చైనాలో పుట్టవలెను, పోర్చుగల్‌లో పుట్టవలెను, జావాలో పుట్టవలెను, మొజాంబిక్‌లో కూడ పుట్టవలెను. ఒకే పండుకు ఇన్ని పుట్టినిళ్ళు ఉండవు. పేరు చెప్పేది పండు పుట్టిన ఊరు కాదు. అది మన చేతికి వచ్చేముందు ఆగిన చివరి రేవును మాత్రమే చెప్పును. పుట్టుక తెలియవలెనంటే వృక్షశాస్త్రాన్ని అడగవలెను. ప్రయాణం తెలియవలెనంటే పేరును అడగవలెను. ఒకదాని పనిని మరొకదానికి అప్పగించరాదు.

శాస్త్రజ్ఞులు కూడ ఈ విషయంలో మనుష్యులే. లిన్నేయస్ 1753లో పుల్లనారింజకు పెట్టిన శాస్త్రనామం సిట్రస్ ఔరాంటియుమ్. బంగారమని జనులు పడిన భ్రమ ఆ పేరులో శాశ్వతంగా నిలిచిపోయినది. 1765లో ఓస్బెక్ తీపినారింజను ప్రత్యేక జాతిగా పేర్కొని సిట్రస్ సైనెన్సిస్ అన్నాడు. సైనెన్సిస్ అనగా చైనాకు చెందినది. మన రాయలసీమ రైతు పెట్టిన పేరూ అదే.

పోలిక చాలదు

పోలికను మాత్రమే నమ్మేవారికి చివరగా ఒక హెచ్చరిక. ఫ్రాన్సు దక్షిణ భాగంలో 'ఒరాంజ్' అనే పట్టణం ఉన్నది. హాలండు రాజవంశానికి ఆ పట్టణం మూలంగానే ఆ పేరు వచ్చినది. ఆ రాజవంశపు రంగు నారింజ రంగు. ఇన్ని పోలికలు చూచి పట్టణం పేరు పండు నుండి వచ్చినదని ఎవరైనా అనుకొనగలరు. కాని రోమనుల కాలంలోనే, అనగా పండు పేరు యూరపుకు రాకముందు ఎన్నో శతాబ్దాల క్రిందటనే, ఆ పట్టణం పేరు 'అరౌసియో'. అది అరిగి అరిగి పండు పేరుతో కలిసిపోయినది. రంగు ఆ కలయిక తరువాత వచ్చిన అలంకారం. రెండు వేరు మాటలు కాలక్రమాన ఒకే రూపం పొందవచ్చును. ఒకే మాట వేరు వేరు భాషలలో ఆరెంజి, లరాంజ, నరంచ్ అని గుర్తుపట్టరాని రూపాలు పొందవచ్చును. చెవి ఒక్కటే న్యాయాధిపతి అయినచో మొదటి జంటను కలుపును, రెండవ గుంపును విడదీయును. రెండు తీర్పులూ తప్పే.

కావున ఉపాధ్యాయులకు ఒక మనవి. నారింజ కథను తరగతిలో చెప్పడం మానవద్దు. దక్షిణదేశపు ఒక చెట్టు పేరు సంస్కృతం, పారశీకం, అరబ్బీ, ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరినదనే నిజమైన కథ కట్టుకథకంటె గొప్పది. దానిని కాలం, దారి, ధ్వనులతో సహా చెప్పండి. తరువాత విద్యార్థులను తమ ఊరి సంతకు పంపి నిమ్మ కుటుంబపు పండ్ల పేర్లను వ్రాసికొని రమ్మనండి. చీనీ, బత్తాయి, మోసంబి, కమలా, దబ్బ, నారదబ్బ, పంపరపనస అనే పట్టిక తయారగును. ప్రతి పేరు ఎదుట 'ఎప్పుడు, ఏ దారిన, ఏ ధ్వని మారి' అని మూడు గడులు గీయించండి. కొన్ని గడులు నిండును, కొన్ని ఖాళీగా మిగులును.

ఖాళీ గడిని ఊహతో నింపక ఖాళీగానే ఉంచగలిగిన విద్యార్థి భాషాశాస్త్రంలో మొదటి పాఠం నేర్చుకొన్నట్లే. అది తక్కిన శాస్త్రాలకు కూడ మొదటి పాఠమే.